ఆర్వీలో ఫుడ్ ఫ్యాక్టరీల టూర్: డల్లాస్ నుంచి లూసియానా దాకా అమ్మానాన్నలతో, సలహాలు కావాలి

తెనాలి2డల్లాస్ | ఫిబ్రవరి 9, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చాలాకాలంగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి.

అమ్మానాన్న సంక్రాంతి అయ్యాక తెనాలి నుంచి వచ్చారు, జూన్ దాకా మాతోనే ఉంటారు. పోయినసారి వచ్చినప్పుడు న్యూయార్క్, వాషింగ్టన్, నయాగరా అన్నీ తిప్పాం. నాన్న ఎక్కడికి తీసుకెళ్లినా "బాగుంది" అనేవారు. ఐదు నిమిషాలు కాగానే కూర్చోడానికి బెంచీ వెతుక్కునేవారు. అదే ట్రిప్పులో కాన్సస్ మీదుగా వస్తుంటే హైవే పక్కన ఒక పెద్ద ధాన్యం ఎలివేటర్, అంటే ధాన్యం నిల్వచేసే ఎత్తైన గాదె, కనిపించింది. కారు ఆపమన్నారు. లారీలోంచి గోధుమలు గోతిలోకి ఎలా పోస్తున్నారో ముప్పావు గంట నిలబడి చూశారు. ఆయన ముప్పై ఏళ్లు రైస్ మిల్లులో మిషన్ల దగ్గర పనిచేశారు. అప్పుడు నాకు అర్థమైంది, మనం ఆయనకి చూపించాల్సినవి వేరే అని.

మార్చి రెండో వారం పిల్లలకి స్ప్రింగ్ బ్రేక్. ఎనిమిది రోజులు ఆర్వీ (పడకలు, వంటిల్లు, బాత్రూమ్ అన్నీ ఉండే బండి) అద్దెకి తీసుకుని, తిండి పదార్థాలు తయారయ్యే ఫ్యాక్టరీలు, మిల్లులు చూసుకుంటూ వెళ్దామని ఆలోచన. ఆర్వీ ఎందుకంటే అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్నకి షుగర్, టైముకి అన్నం పడాలి. పిల్లలకి తొమ్మిది, ఆరేళ్లు. మొత్తం ఆరుగురం. నేను ఆర్వీ ఎప్పుడూ నడపలేదు. ఎటు వెళ్తే బాగుంటుంది, ఏం చూసుకోవాలి?

చక్రాలమీదకాపురం | ఫిబ్రవరి 9, రాత్రి 11:05

స్వాగతం అండీ. ఆస్టిన్‌లో ఉంటాం, నాలుగేళ్లుగా సెలవులన్నీ ఆర్వీలోనే. ముందు బండి గురించి చెప్తాను, రూటు మిగతావాళ్లు చెప్తారు.

మీకు సరిపోయేది క్లాస్ సి. డ్రైవర్ నెత్తిమీద ఒక పడక ఉంటుంది చూడండి, అది. ఆరుగురంటే 28 అడుగులది చాలు, మామూలు లైసెన్స్‌తోనే నడపొచ్చు. పైపడకకి నిచ్చెన ఎక్కాలి కాబట్టి అది పిల్లలకి. వెనకాల ఉండే మంచం అమ్మానాన్నలకి ఇచ్చేయండి, రాత్రి బాత్రూమ్ కూడా దగ్గరగా ఉంటుంది. బండి బుక్ చేసేముందు సీటుబెల్టులు ఎన్ని ఉన్నాయో అడగండి. పడకలు ఆరు ఉన్నంత మాత్రాన బెల్టులు ఆరు ఉండాలని లేదు. బండి కదులుతుంటే ఎవరూ లేచి తిరక్కూడదు. ఈ మాట పెద్దవాళ్లకి మొదటిరోజే గట్టిగా చెప్పండి. మా అత్తగారు వెళ్తున్న బండిలో టీ పెట్టబోయారు.

మైలేజి గాలన్‌కి 8 నుంచి 10 మైళ్లు, అంతకంటే ఆశించకండి. మార్చిలో టెక్సాస్ గాలులు విపరీతం. పక్కనుంచి గాలి కొడితే బండి లేన్‌లోంచి జరిగినట్టు అనిపిస్తుంది. 60 దాటకండి. మొదటిరోజు రెండు గంటలకి మించి నడపొద్దు.

ట్యాంకులు మూడు ఉంటాయి. మంచినీళ్లది, స్నానం-సింకు నీళ్లది, టాయిలెట్‌ది. డంపు స్టేషన్‌లో, అంటే ఈ మురికినీళ్లు ఖాళీ చేసే చోట, ముందు టాయిలెట్ ట్యాంకు వదలాలి, తర్వాత సింకు నీళ్లు వదలాలి. అప్పుడు ఆ నీళ్లకి గొట్టం కడిగినట్టు అవుతుంది. మనవాళ్లు అడగడానికి మొహమాటపడే విషయం ఒకటి చెప్పేస్తాను. టాయిలెట్‌లో చెంబు వాడుకోవచ్చు. నీళ్లు ఎక్కువ పడితే ఆ ట్యాంకుకి మంచిదే, గట్టిపడదు. కాకపోతే త్వరగా నిండుతుంది, రెండు రోజులకోసారి ఖాళీ చేసుకోండి.

బ్రేజోస్‌గట్టు | ఫిబ్రవరి 10, ఉదయం 7:30

మీ నాన్నగారి సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మీరు వెళ్లాల్సింది న్యూ ఐబీరియా. లూసియానాలో లాఫాయెట్ దగ్గర. అక్కడ కాన్రాడ్ రైస్ మిల్ ఉంది, 1912లో పెట్టారు. అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్న రైస్ మిల్లుల్లో అదే పాతది. కాన్‌రీకో పేరుతో అమ్మే బియ్యం అక్కడివే. పాత చెక్క కట్టడం, లోపల బెల్టుల మీద తిరిగే మిషన్లు. టూర్లు గంటల ప్రకారం ఉంటాయి, ఫోన్ చేసి వెళ్లండి.

అక్కడినుంచి పది మైళ్ల లోపే ఏవరీ ఐలాండ్. టబాస్కో అనే మిరపకాయల సాస్ పుట్టిల్లు. ఎడ్మండ్ మెకిల్‌హెనీ 1868లో మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది. పేరుకి దీవి గానీ, నిజానికి అది బురదనేలల మధ్య పైకి లేచిన ఉప్పు గుట్ట. అడుగున అంతా రాతి ఉప్పే. గుంటూరు జిల్లావాళ్లకి మిరపకాయల గురించి నేను చెప్పక్కర్లేదు.

డల్లాస్ నుంచి వేకో, బ్రెనమ్, హ్యూస్టన్ మీదుగా ఐ-10 హైవే పట్టుకుని వెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు ఐ-49 మీద ష్రీవ్‌పోర్ట్ నుంచి ఇంటికి. వెళ్లిన దారినే రానక్కర్లేదు. బ్రెనమ్‌లో బ్లూ బెల్ ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీ ఉంది. 1907లో వెన్న తీసే డెయిరీగా మొదలైంది. పైనుంచి అద్దాల్లోంచి తయారీ చూడొచ్చు. వారాంతంలో లైన్లు ఆగి ఉంటాయి కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం లోపే వెళ్లాలి.

రాలీ_బెజవాడ | ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 12:48

నేను కాస్త వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. ఆరుగురికి ఆర్వీ అద్దె, మైలుకి ఇంత అని వేసేది, జనరేటర్ గంటల చార్జీ, ఇన్సూరెన్స్, పెట్రోలు, రాత్రికి క్యాంప్‌గ్రౌండ్ అద్దె అన్నీ కలిపి లెక్క వేసుకోండి. మినీవ్యాన్‌లో వెళ్లి కిచెన్ ఉన్న హోటల్ రూములు రెండు తీసుకున్నా అంతకంటే తక్కువే అవుతుంది. మేం రెండేళ్ల కిందట మా అమ్మానాన్నలతో ఆర్వీలో వెళ్లాం. అద్దెకి ఇచ్చినవాళ్లు వాటర్ పంప్ పాడైన బండి అంటగట్టారు. మూడు రోజులు బాటిల్ నీళ్లతో గడిపాం. ఫోన్ చేస్తే "దగ్గర్లో మెకానిక్‌ని చూసుకోండి" అన్నారు. డెబ్బై ఏళ్లవాళ్లతో ఆ టెన్షన్ వద్దండీ.

పైగా చిన్న ఊళ్ల మధ్యలోకి 28 అడుగుల బండి తిప్పడం కష్టం. పార్కింగ్ కూడా దొరకదు.

చక్రాలమీదకాపురం | ఫిబ్రవరి 10, సాయంత్రం 6:20

రాలీ గారు చెప్పింది నిజమే, డబ్బు మిగలదు. డబ్బు మిగుల్చుకోవడానికైతే ఆర్వీ వద్దు. మీ అనుభవం నుంచి అందరూ నేర్చుకోవాల్సింది ఒకటుంది. బండి తీసుకునేటప్పుడు ఒక గంట అక్కడే నిలబడండి. పంప్, గీజర్, ఏసీ, స్టవ్, ఫ్రిజ్, ప్రతి కుళాయి ఆన్ చేసి చూశాకే తాళాలు తీసుకోండి. అన్నీ వీడియో తీసుకోండి.

ఊళ్లోకి వెళ్లడానికి ఒక చిన్న కారు వెంట ఉంటే సగం కష్టం తీరుతుంది. తెలిసినవాళ్లెవరైనా కలిస్తే చూడండి.

పప్పుచారు_కేటీ | ఫిబ్రవరి 10, రాత్రి 9:15

అమ్మ శాకాహారి అన్నారు కదా తమ్ముడూ, లూసియానా గురించి జాగ్రత్తలు చెప్తాను. అక్కడ "రెడ్ బీన్స్ అండ్ రైస్" అంటే మన రాజ్మా అన్నం అనుకుంటాం. అందులో దాదాపు ఎప్పుడూ మాంసం వేస్తారు. డర్టీ రైస్‌లో కోడి కార్జం ఉంటుంది. గంబో అనే వంటకానికి పులుసే మాంసంతో చేస్తారు. బూడాన్ అని పెట్రోలు బంకుల్లో కూడా వేడివేడిగా అమ్ముతారు. అన్నంతోనే చేస్తారు గానీ పందిమాంసం కలుపుతారు. కాబట్టి ఆవిడ భోజనం ఆర్వీలోనే. నేనైతే రైస్ కుక్కర్, చిన్న కుక్కర్, ఇడ్లీ పిండి, కందిపొడి, గోంగూర, తోడు పెట్టడానికి పెరుగు తీసుకెళ్తాను.

ఐస్‌క్రీమ్‌లో మార్ష్‌మాలో ఉన్న రకాల్లో జెలటిన్ ఉంటుంది, అది జంతువుల నుంచి తీసేదే. చీజ్ అయితే పాలు విరగ్గొట్టే రెన్నెట్ పాతకాలంలో దూడ కడుపులోంచి తీసేవాళ్లు. ఇప్పుడు అమెరికాలో ఎక్కువ చీజ్‌కి ఆ అవసరం లేకుండానే తయారుచేస్తున్నారు. అయినా ఫ్యాక్టరీలో శాంపిల్ ఇస్తే ముందు అడగండి. "వెజిటేరియన్ రెన్నెట్టా?" అంటే వాళ్లకి వెంటనే అర్థమవుతుంది, విసుక్కోరు.

పెన్సిల్వేనియా_పిన్ని | ఫిబ్రవరి 11, ఉదయం 8:02

మా వైపు వచ్చేవాళ్ల కోసం కూడా ఇక్కడే రాసిపెడతాను. హెర్షీలో చాక్లెట్ వరల్డ్ చూసి అదే ఫ్యాక్టరీ అనుకుంటారు చాలామంది. అది చిన్న బండిలో కూర్చోబెట్టి తయారీ ఎలా ఉంటుందో చూపించే రైడ్. అసలు ఫ్యాక్టరీ లోపలికి జనాన్ని పంపడం 1973లోనే ఆపేశారు. పిల్లలకి మాత్రం నచ్చుతుంది. ఊళ్లో వీధి దీపాలు కూడా కిస్సెస్ చాక్లెట్ ఆకారంలోనే ఉంటాయి.

నిజంగా తయారీ చూడాలంటే నాటింగ్‌హామ్‌లో హెర్స్ చిప్స్ ఫ్యాక్టరీకి వెళ్లండి. ముందే బుక్ చేసుకోవాలి. లైన్ మీంచి అప్పుడే దిగిన వేడి చిప్స్ చేతిలో పెడతారు. మన ఊళ్లో బాణలి పక్కన నిలబడి తిన్న రుచే. లిటిట్జ్‌లో జూలియస్ స్టర్జిస్ ప్రెట్జెల్ బేకరీ 1861 నాటిది, అక్కడ పిల్లల చేత పిండి మెలిపెట్టిస్తారు. మా అమ్మ ఆ పిండి చేతిలోకి తీసుకుని చక్కగా జంతిక చుట్టింది.

న్యూజెర్సీ నుంచి ఉత్తరానికి ఆర్వీలో వెళ్లేవాళ్లు మెరిట్ పార్క్‌వే, హచిన్సన్ పార్క్‌వే ఎక్కకండి. వంతెనలు చాలా తక్కువ ఎత్తు, ఆర్వీలకి అనుమతి లేదు. ఫోన్‌లో మ్యాప్ కార్ల దారే చూపిస్తుంది, బండి ఎత్తు దానికి తెలీదు. బాల్టిమోర్ సొరంగాల్లోకి కూడా ప్రొపేన్ సిలిండర్ బిగించిన బండ్లని రానివ్వరు, చుట్టూ తిరిగి వెళ్లాలి.

ఓరుగల్లు_డెన్వర్ | ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 1:33

కొలరాడోకి వస్తే బౌల్డర్‌లో సెలెస్టియల్ సీజనింగ్స్ టీ ఫ్యాక్టరీ చూడుండ్రి. పుదీనా కోసమే ఒక గది ఉంది, మిగతా టీలకి ఆ వాసన అంటుకోకుండా తలుపులు మూసి ఉంచుతరు. లోపల అడుగు పెట్టంగనే కండ్లల్ల నీళ్లు, ముక్కు మొత్తం తెరుచుకుంటది. మా బాపు అయితే జలుబు వచ్చినప్పుడల్ల "ఆ గదికి తీస్కపోరా" అంటడు. డెన్వర్‌లనే హామండ్స్ క్యాండీస్ ఉంది, 1920 నుంచి. పాకం తీసి చేత్తో సాగదీసుడు అద్దంలకెళ్లి చూడొచ్చు. పాకం తెల్లగైతది, ఎందుకంటే సాగదీసినప్పుడల్ల గాలి కలుస్తది. మన పీచుమిఠాయి చేసేటోళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

పోర్ట్‌లాండ్_పాలవాడు | ఫిబ్రవరి 11, రాత్రి 8:40

ఓరెగన్ తీరం వైపు ఆర్వీలో వచ్చేవాళ్లు టిల్లమూక్ వదలొద్దు. 1909లో పాడి రైతులు కలిసి పెట్టుకున్న సహకార సంఘం అది, ఇప్పటికీ రైతులదే. నేను సంగం డెయిరీకి పాలు పోసే ఇంట్లో పుట్టాను. గోడమీద రైతు కుటుంబాల ఫోటోలు చూస్తే మా నాన్న గుర్తొచ్చారు. అప్పుడే విరిగిన చీజ్ ముక్కలు పంటికింద కీచుమంటాయి, మర్నాటికి ఆ శబ్దం పోతుంది. అందుకే అక్కడే తినాలి.

బ్రేజోస్‌గట్టు | ఫిబ్రవరి 12, ఉదయం 6:55

హ్యూస్టన్‌లో ఆగే రోజు అమ్మగారిని పేర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి తీసుకెళ్లండి. మేముండే షుగర్‌ల్యాండ్‌కి ఆ పేరు వచ్చిందే చక్కెర మిల్లు వల్ల. ఇంపీరియల్ షుగర్ రిఫైనరీ 2003లో మూతపడింది, ఎర్ర ఇటుకల భవనం మాత్రం దూరానికి కూడా కనిపిస్తుంది.

న్యూ ఐబీరియా చుట్టూ చెరకు తోటలే. అబెవిల్‌లో స్టీన్స్ అనే చెరకు పానకం తయారుచేస్తారు, 1910 నుంచి. పసుపు రంగు డబ్బా, చుట్టుపక్కల కిరాణా కొట్లన్నిటిలో దొరుకుతుంది. అమ్మగారికి ఒకటి కొనిపెట్టండి. మూత తీసి వాసన చూస్తే ఆవిడే చెప్తారు అది ఏమిటో.

తెనాలి2డల్లాస్ | ఫిబ్రవరి 12, రాత్రి 9:50

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రాలీ గారూ, మీరు రాసింది చదివి రెండు రోజులు ఊగిసలాడాను. అమ్మని అడిగితే "మన వంట మనం చేసుకుంటూ పోవడమేగా, తీర్థయాత్ర బస్సులాగా" అంది. అంతే, బుక్ చేసేశాను. క్లాస్ సి, 28 అడుగులు, బెల్టులు ఏడు ఉన్నాయి, అడిగి రాయించుకున్నాను. హ్యూస్టన్ నుంచి మా బావమరిది కుటుంబం మినీవ్యాన్‌లో కలుస్తున్నారు. మిల్లుకి, టబాస్కోకి ఫోన్లు చేసి ఏ రోజు పని జరుగుతుందో కనుక్కున్నాను.

నాన్నకి మిల్లు సంగతి చెప్పలేదు. దారిలో ఏదో ఫ్యాక్టరీ అన్నాను.

తెనాలి2డల్లాస్ | మార్చి 23, రాత్రి 10:30

ఇంటికి చేరి వారం దాటింది. బట్టలు ఉతకడం, ఆఫీసు, ఇప్పటికి తీరిక దొరికింది. వివరంగా రాస్తున్నాను, తర్వాత వెళ్లేవాళ్లకి పనికొస్తుంది.

శనివారం బండి తీసుకోడానికి గంటా పది నిమిషాలు పట్టింది. చక్రాలమీదకాపురం గారు చెప్పినట్టే అన్నీ ఆన్ చేసి చూశాం. గీజర్ వెలగలేదు. అక్కడికక్కడే బాగుచేయించాం. వేకో చేరేసరికి నా భుజాలు బిగుసుకుపోయాయి, గాలి అలా కొట్టింది. మొదటి మలుపులోనే ఫ్రిజ్ తలుపు తెరుచుకుని పెరుగు గిన్నె కింద పడింది. ఆ తలుపుకి ఒక గొళ్లెం ఉంది, అది వేయాలని ఎవరూ చెప్పలేదు. అమ్మ మిగిలిన రెండు చెంచాల పెరుగుతో మళ్లీ తోడు పెట్టింది.

వేకోలో లేక్ ఒడ్డున ఆర్మీ ఇంజినీర్ల పార్కులో దిగాం. ఆదివారం డాక్టర్ పెప్పర్ మ్యూజియం. ఆ డ్రింకు 1885లో వేకోలోనే ఒక మందుల షాపులో పుట్టింది, చార్లెస్ ఆల్డర్టన్ అనే ఫార్మసిస్టు కలిపారు. మ్యూజియం ఉన్నది 1906లో కట్టిన పాత బాట్లింగ్ కర్మాగారంలో. 1953 సుడిగాలికి గోడ ఒకటి దెబ్బతింది, తర్వాత కట్టిన ఇటుకల రంగు వేరుగా కనిపిస్తుంది. పిల్లలకి మాత్రం మామత్ ఏనుగుల ఎముకలు తవ్విన చోటు ఎక్కువ నచ్చింది. 1978లో ఇద్దరు కుర్రాళ్లకి అక్కడ ఎముక దొరికిందంటే, అప్పట్నుంచి మావాడు ప్రతి క్యాంపులో మట్టి తవ్వుతూనే ఉన్నాడు.

సోమవారం బ్లూ బెల్. అద్దాల వెనక డబ్బాలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటే పిల్లలు ముక్కులు అద్దానికి ఆనించి చూశారు. నాన్న ఒకే ప్రశ్న అడిగారు: "కరెంటు పోతే ఇదంతా ఏం చేస్తారు?" సమాధానం నాకు తెలీలేదు. ఐస్‌క్రీమ్ బాగుంది. మంగళవారం మీనాక్షి గుడి, సాయంత్రానికి ఐ-10 మీద లూసియానా. లేక్ చార్లెస్ దగ్గర పాత వంతెన నిట్టనిలువుగా ఎక్కుతుంది, రెయిలింగ్ నిండా పిస్తోళ్ల బొమ్మలు. లారీల మధ్య 28 అడుగుల బండితో దాన్ని దాటడం నాకు ఈ ట్రిప్పులో అన్నిటికంటే కష్టమైన అయిదు నిమిషాలు. రాత్రి పామెట్టో ఐలాండ్ స్టేట్ పార్కులో ఆగాం. కప్పల అరుపుల మధ్య పప్పు, గోంగూర, అప్పడాలు.

బుధవారం పొద్దున్న మిల్లు. ఇది కాస్త నిదానంగా రాస్తాను.

ఆర్వీ బయట ఆపి దిగగానే నాన్న ఆగిపోయారు. బోర్డు చూడలేదు, ఆయనకి ఇంగ్లీషు అంతగా రాదు. గాలి పీల్చి "తవుడు" అన్నారు. అంతే. నా చేయి వదిలేసి ముందుకు నడిచారు.

మొదట షాపు పక్కన కేజన్ ప్రజల (లూసియానాలో ఫ్రెంచి మూలాలున్నవాళ్లు) గురించి చిన్న సినిమా చూపించారు. తర్వాత గైడ్ ఒకావిడ లోపలికి తీసుకెళ్లారు. చెక్క నేల, చెక్క స్తంభాలు, పైన షాఫ్టు, దాని నుంచి కిందికి బెల్టులు. నాన్న ఆ బెల్టుల వైపు చూస్తూ ఒక్కోదాని పేరు తనలో తనే అనుకుంటున్నారు. ఇది ఎలివేటర్, ఇది జల్లెడ, ఊక ఇటు పోతుంది, ఇది పాలిష్. గైడ్ చెప్పేలోపే ఆయన నాకు తెలుగులో చెప్పేస్తున్నారు. నేను ఇద్దరి మధ్య నిలబడి ఎవరి మాట ఎవరికి చెప్పాలో తెలియక తికమకపడ్డాను.

చూపించడానికి ఒక గిన్నెలో వడ్లు పెట్టారు. నాన్న ఒక గింజ తీసి పంటికింద వేసి కొరికారు. గైడ్ కంగారుపడి "తినకూడదు" అన్నారు. నేను చెప్పాను, తినడం లేదు, తేమ చూస్తున్నారు, మా ఊళ్లో మిల్లు దగ్గర బస్తా దించే ముందు అలాగే చూస్తారు అని. ఆవిడ లోపల పనిచేసే పెద్దాయన్ని పిలిచారు. తేమ ఎంతుంటుందని అడిగితే నాన్న "పదమూడు లోపు" అన్నారు. ఆయన తలూపి చేయి చాచారు. ఇద్దరూ షేక్‌హ్యాండ్ ఇచ్చుకుని కాసేపు అలాగే ఉన్నారు.

తర్వాత అరగంట ప్రశ్నలే. క్వింటాలు వడ్లకి బియ్యం ఎంత వస్తుంది? మన దగ్గర ప్రభుత్వానికి ఆడించి ఇచ్చేటప్పుడు పచ్చి బియ్యం 67 కిలోలు ఇవ్వాలి, ఆ లెక్క చెప్పారు. నూకలు ఏం చేస్తారు? బీరు తయారీకి, కుక్కల తిండికి పోతాయని ఆయన అన్నారు. నాన్న నమ్మలేక రెండుసార్లు అడిగించారు. "నూకల జావ కాస్తే జ్వరం పడ్డవాడు లేచి కూర్చుంటాడని చెప్పు" అన్నారు. చెప్పాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు, జావ ఎలా కాయాలో.

టూర్ అయిపోయాక కూడా నాన్న బయటికి రాలేదు. అక్కడ బెంచీ ఉంది, కూర్చోలేదు.

తెనాలి2డల్లాస్ | మార్చి 23, రాత్రి 11:20

మిగతాది. గురువారం ఏవరీ ఐలాండ్, అది అమ్మ రోజు.

టబాస్కోలో ముందు మ్యూజియం, తర్వాత మిరప మొక్కలు, ఆ తర్వాత పీపాల గోదాము. పండిన మిరపకాయలు కోసే చోట ఒక ఎర్ర పుల్ల వాడతారట, కాయ రంగు దానితో సరిపోతేనే కోయాలి. ఫ్రెంచిలో దానికి "చిన్న ఎర్ర కర్ర" అని పేరు. కాయల్ని కోసిన రోజే ఉప్పుతో నూరి, ఓక్ పీపాల్లో పోసి, మూతమీద మందంగా ఉప్పు పరుస్తారు. మూడేళ్ల దాకా అలాగే పులుస్తుంది. లోపలి గాలి బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఆ తర్వాత వెనిగర్ కలిపి, కొన్ని వారాలు తిప్పి, గింజలు తొక్కలు వడకడతారు. అంతే, ఇంకేమీ లేదు.

గోదాములోకి వెళ్లగానే ఘాటుకి అందరం తుమ్మాం. అమ్మ తుమ్మలేదు. పీపా మూతమీద గట్టిపడ్డ ఉప్పు వంక వంగి చూసి, "ఇది పండుమిరపకాయ తొక్కేరా" అంది. మన ఊళ్లో సరిగ్గా ఈ నెలలోనే కదా పండుమిరపకాయల పచ్చడి పట్టేది. కాయలు తుడిచి, ఉప్పు, చింతపండు వేసి రోట్లో తొక్కి, జాడీకి ఎత్తి, మూడోరోజు మళ్లీ నూరుతుంది. "మనం జాడీ మీద నూనె తేలనిస్తాం, వీళ్లు ఉప్పు పోస్తున్నారు. రెండూ గాలి తగలకుండానే" అంది. చిన్నప్పట్నుంచి ఆ పచ్చడి తింటున్నాను, నూనె ఎందుకు పోస్తారో నేనెప్పుడూ అడగలేదు.

సాస్ నాలుక మీద వేసుకుని పులుపు ఎక్కువ, కారం తక్కువ అని తేల్చేసింది. గుంటూరు సన్నం ముందు ఇది ఆగదు మరి.

పక్కనే జంగిల్ గార్డెన్స్. దారులు సన్నవి, మినీవ్యాన్ అప్పుడు పనికొచ్చింది. నాచులా గడ్డాలు వేలాడే ఓక్ చెట్లు, మొసళ్లు, ఒక చెరువు ఒడ్డున చిన్న మందిరంలో బుద్ధుడు. 1936లో బహుమతిగా వచ్చిన విగ్రహమట. అమ్మ చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది. ఇంకాస్త ముందుకు వెళ్తే బర్డ్ సిటీ. టోపీల్లో ఈకల కోసం కొంగల్ని చంపేస్తున్న రోజుల్లో, 1895లో, మెకిల్‌హెనీ కొడుకు ఎనిమిది పిల్లల్ని తెచ్చి పెంచి వదిలారు. అవి మళ్లీ వచ్చి గూళ్లు పెట్టాయి. ఇప్పుడు చెరువు మీద వేసిన వెదురు మంచెల నిండా తెల్ల కొంగలే. నాన్న చూసి "ఉప్పలపాడు" అన్నారు. గుంటూరు దగ్గర ఇలాగే పక్షులు వాలే ఉప్పలపాడు పిల్లలకి తెలీదు, డిసెంబర్‌లో వెళ్లినప్పుడు చూపిస్తానని మాట ఇచ్చాను.

శుక్రవారం నాకటిష్‌లో ఆగాం, రాసేది ఒకలా ఉంటుంది పలికేది ఇంకోలా. నది ఒడ్డున నడిచి, అన్నం తిని పడుకున్నాం. శనివారం ఇల్లు.

రాలీ_బెజవాడ | మార్చి 24, ఉదయం 7:10

మిల్లు భాగం మా ఆవిడకి చదివి వినిపించాను. నేను వద్దన్నానని మీరు ఆగిపోనందుకు సంతోషంగా ఉంది. ఖర్చు ఎంతైందో కూడా రాస్తారా, వేరేవాళ్లకి ఉపయోగం.

తెనాలి2డల్లాస్ | మార్చి 24, మధ్యాహ్నం 12:25

మీ లెక్కే నిజమైంది అండీ. మొత్తం కలిపితే మినీవ్యాన్, హోటళ్ల కంటే మూడో వంతు ఎక్కువే అయింది. పెట్రోలే పెద్ద దెబ్బ. మళ్లీ వెళ్తే జనరేటర్ వాడకుండా, కరెంటు ఉన్న క్యాంపులే చూసుకుంటాను. మీరు చెప్పిన వాటర్ పంప్ సంగతి గుర్తుండబట్టే బండిని అంత పట్టుబట్టి చూశాను.

పప్పుచారు_కేటీ | మార్చి 24, సాయంత్రం 5:40

అమ్మ చెరకు పానకం కొన్నారా తమ్ముడూ?

తెనాలి2డల్లాస్ | మార్చి 24, రాత్రి 9:05

మూడు డబ్బాలు అక్కా. మూత తీసి వాసన చూసి "అనకాపల్లి" అంది. ఒక డబ్బా మినప దోశల్లోకి అయిపోయింది. రెండోదానితో ఆదివారం అరిసెలు ప్రయత్నించింది, పాకం కుదరడానికి ఎక్కువసేపు మరిగించాల్సి వచ్చింది, కానీ కుదిరింది. మూడోది సూట్‌కేసులో పెట్టేసింది, మా పెద్దమ్మకి చూపించాలట.

నాన్న మిల్లులో తీసిన వీడియో తెనాలిలో పాత స్నేహితులకి పంపారు. నిన్న రాత్రి వాళ్లలో ఒకాయన ఫోన్ చేశారు. ఆ బెల్టులు తోలువా, రబ్బరువా అని. నాన్న నన్ను లేపి అడిగారు, నాకు తెలీలేదు. ఇవాళ పొద్దున్న మిల్లుకి ఫోన్ చేయమన్నారు. రేపు చేస్తాను.